నల్ల అంచు ఉత్తరం

ఉక్కునగరం, విశాఖపట్నం
20 సెప్టెంబరు 2024

మరదలు పైడితల్లికి, నీ వదిన గంగాభవాని రెండు ముద్దులూ నాలుగు మొట్టికాయలూ పంపుతూ రాస్తున్నది.

ముద్దులు ప్రేమకొద్దీ. మొట్టికాయలు నీ ఫోను కోసం. ఏడు నెలలుగా ఎన్నిసార్లు చేసినా మోగదు. వాట్సాప్‌లో నేను పెట్టిన శుభోదయాలన్నీ ఒంటి టిక్కుతో నిలబడి ఉన్నాయి. రంగూన్‌లో మిలటరీ పాలన ఎలా ఉందో ఇక్కడి టీవీలో అర నిమిషం చూపించి, వెంటనే బంగారం ధర చెప్పేస్తారు. ఆ అర నిమిషం కోసం అమ్మ రోజంతా టీవీ ముందు కూర్చుంటోంది.

ఈ ఉత్తరం తెచ్చిన అప్పలసూరి మా ఎదురింటావిడ తమ్ముడు. మీ రంగూన్ నుంచి మా రేవుకి మినుములు తెచ్చే ఓడలో, ఇంజను గదిలో పని. నెలకోసారి అటూ ఇటూ తిరుగుతాడు. ఈ సంగతి తెలియక ఆవిడతో చెత్తబుట్ట దగ్గర గొడవపడి మాటలు మానేశాను. ఇప్పుడు మేమిద్దరం ఒక కంచంలో తింటున్నాం అనుకో.

ఇక్కడ అందరం బాగున్నాం. మా ఆయనకి, అదే మీ అన్నయ్యకి, ఇంకా పద్నాలుగు నెలలు సర్వీసుంది. స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్ళు పనిచేసినా ఆయన ఇంకా గోదావరి జిల్లా మనిషే. రోజూ షిఫ్టు నుంచి వచ్చి, మా ఉత్తరాంధ్ర వాళ్ళకి పులుసు పెట్టడం రాదని ఒక ఉపన్యాసం ఇచ్చి, ఆ పులుసుతోనే రెండుసార్లు అన్నం కలుపుకుంటారు.

అమ్మకి ఎనభై రెండు వచ్చాయి. అరవై ఐదులో బర్మా వదిలి వచ్చేటప్పుడు రేవులో చెయ్యి ఊపిన తమ్ముణ్ని, మీ నాన్నని, మళ్ళీ చూడలేదు కదా, ఈ మధ్య అదే ధ్యాస. "ఒలే, నా తమ్ముడు శ్రీరామ్మూర్తి ఏటి సేత్తన్నాడో రాయమను. అబద్దాలు రాయొద్దను" అని నా పక్కన కూర్చుని చెబుతోంది. మావయ్య ఎలా ఉన్నాడు? నీ కొడుకు అశోక్ ఏం చేస్తున్నాడు? ఇరవై నాలుగేళ్ళ మగపిల్లాడు, పెళ్ళి ఆలోచన ఉందా లేదా?

వెంటనే రాయకపోతే ఇంకో నాలుగు మొట్టికాయలు ఓడెక్కుతాయి.

నీ గంగ వదిన


రంగూన్
18 అక్టోబరు 2024

వదినా, మొట్టికాయలు అందాయి. బుర్ర ఇంకా చిమచిమలాడుతోంది.

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషపడ్డానో అంత కోపమూ వచ్చింది. అందరి పేర్లూ రాసిపడేశావు, పెళ్ళి శుభలేఖ వేసినట్టు! ఇక్కడ గేటుగేటుకీ ఆపి సంచులు చూస్తారు, ఫోన్లు తీసి చూస్తారు. పై దేశం నెంబరు కనిపిస్తే ఇక అంతే. మా వీధి చివర దర్జీని అలాగే తీసుకెళ్ళారు. ఎనిమిది నెలలైంది. ఆ రోజే నా సిమ్ముకార్డు విరిచి కాలవలో పడేశాను. అందుకే నీ శుభోదయాలకి ఆ గతి.

కాబట్టి ఇకమీదట మనుషుల పేర్లు రాయకు. చావుల మాటా పుట్టుకల మాటా అసలు ఎత్తకు. ఇంట్లో ఒకరు తగ్గినా ఒకరు పెరిగినా వార్డు ఆఫీసు వాళ్ళు ఇంటి జాబితా పట్టుకుని సోదాకి దిగుతారు. దిగినవాళ్ళు ఊరికే పోరు.

పెద్దాయన బాగున్నారు. అత్తకి అబద్ధం చెప్పను: మోకాళ్ళు పనిచేయవు, నోరు మాత్రం దివ్యంగా పనిచేస్తుంది.

మావాడి సంగతే నా గుండెల మీద కుంపటి. కొత్త చట్టం ప్రకారం పద్దెనిమిది నుంచి ముప్పై ఐదు లోపు మగపిల్లల్ని మిలటరీలోకి పిలుస్తున్నారు. వార్డులో చీట్లు తీస్తారు. చీటీ వచ్చినవాడు వెళ్ళాల్సిందే. వెళ్ళినవాళ్ళ కబుర్లు మళ్ళీ రావు. వాళ్ళ నాన్న పోయి ఆరేళ్ళు. నాకున్నది వీడొక్కడే వదినా.

పెళ్ళి ఆలోచన ఉందా అని అడిగావు కదా. నాకు లేదు కానీ వాడికి ఉంది. మిలటరీ వాళ్ళు గద్దెనెక్కిన కొత్తలో, ఆ ప్రభుత్వం వద్దంటూ రోజూ సాయంత్రం ఊరంతా బాల్కనీల్లోకి వచ్చి గిన్నెలు మోగించేది. మా ఎదురు బాల్కనీలో ఒక పిల్ల సత్తు మూత పట్టుకుని వచ్చేది. మావాడు నా బియ్యం తపేలా పట్టుకుని వెళ్ళేవాడు. ఊరు గిన్నెలు కొట్టడం మానేసినా వీళ్ళిద్దరూ బాల్కనీల్లోకి రావడం మానలేదు. నా తపేలా సొట్టలు పోయింది, వాడి చదువూ సొట్టలు పోయింది. ఆ పిల్ల మన రామమందిరంలో చిన్నపిల్లలకి తెలుగు అక్షరాలు చెబుతుంది. టీచరమ్మ అందాం.

పిల్ల మంచిది. మిగతా సంగతులు ఇంకోసారి.

నీ మరదలు, పేరు రాయను


ఉక్కునగరం
10 నవంబరు 2024

పేరులేని మరదలికి, పేరున్నా చెప్పుకోలేని వదిన దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే, లేచి వెళ్ళి వెనక గది తలుపు తీసి చూసి వచ్చారు. తరవాత, "ఆ కుర్రోణ్ని మనింటికి తెప్పించెయ్యండి. ఏదో దారి చూద్దారి. ఇంత ఊళ్ళో మనోడికి చోటుండదేంటండి" అన్నారు. ఆయన ఒకేసారి అంత మంచి మాట అనడం పెళ్ళయ్యాక ఇది రెండోసారి.

అందుకని చెబుతున్నాను. ఏ దారి దొరికితే ఆ దారిన వాణ్ని పంపించు. మా క్వార్టరులో వెనక గది ఖాళీగానే ఉంది, పాత కూలరు తీసేస్తే మంచం పడుతుంది. పెళ్ళి కూడా ఇక్కడే చేసేద్దాం. పూర్ణా మార్కెట్‌లో పసుపూ కుంకాలూ కొనే పని నాది. నువ్వు రెండువేల పద్నాలుగులో వచ్చినప్పుడు అక్కడ గాజుల కొట్టువాడితో బర్మా భాషలో బేరమాడి, వాడికి పిచ్చెక్కించావు గుర్తుందా?

టీచరమ్మ ఎవరి పిల్ల, ఏమిటి, అసలేమీ రాయలేదు. నా దగ్గర దాపరికాలు మొదలెట్టావా? అమ్మ కూడా అడిగింది. "తెలుగు సెప్పే పిల్లంటే మన పిల్లే కదేటి" అని తనే జవాబు చెప్పుకుని నిద్రపోయింది.

ఆలస్యం చేయకు. చీటీ వచ్చేలోపే వాడు ఇక్కడ ఉండాలి.

వెనక గది ఊడ్చి పెట్టిన
నీ వదిన


రంగూన్
16 డిసెంబరు 2024

వదినా, ఈ ఉత్తరం అత్త పక్కన లేనప్పుడు ముందు నువ్వు చదువు.

చీటీ వచ్చింది. డబ్బాలోంచి మావాడి పేరు తీశారు. ఇరవై రోజుల్లో హాజరవ్వాలి అన్నారు. ఆ కాగితం పట్టుకుని నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను.

అప్పుడు దారి చూపించింది పెద్దాయనే. ఇక్కడ బౌద్ధ భిక్షువుల్ని మిలటరీలోకి పిలవరు. ఈ దేశంలో మగపిల్లాడు కొన్నాళ్ళు భిక్షువు కావడం మామూలే, వద్దనుకున్నప్పుడు బయటికీ రావచ్చు. ఆయనకి చిన్నప్పటి నుంచి తెలిసిన గురువుగారి మఠంలో మావాణ్ని చేర్చారు. గుండు చేయించాం. కాషాయం బట్టలు కట్టాడు. వాడి జుట్టు తెల్లగుడ్డలో నేనే పట్టుకున్నాను. వదినా, భిక్షువుకి ఆడవాళ్ళ చెయ్యి తగలకూడదు. కన్నకొడుక్కి అన్నం పెట్టాలంటే గిన్నెలో దూరం నుంచి వేయాలి. పైగా నేనే వాడికి దణ్ణం పెట్టాలి. నేను దణ్ణం పెడుతుంటే వాడు కళ్ళు దించేసుకున్నాడు.

కానీ బతికి ఉన్నాడు. అది చాలు.

ఫిబ్రవరి నాలుగున గురువుగారు అరవై మందిని గయ యాత్రకి తీసుకొస్తున్నారు. మావాడి పేరు ఉంది. యాత్రికుల్లో టీచరమ్మ పేరు, వాళ్ళ పెద్దమ్మ పేరు కూడా ఉన్నాయి. గయలో కాషాయం విప్పేసి, ఇద్దరూ మీ ఇంటికి వస్తారు. నువ్వు రమ్మన్నావు కాబట్టే ఈ ధైర్యం.

ఇక దాచిన సంగతి. టీచరమ్మ తండ్రి మనవాడే, తల్లి మాత్రం బర్మా మనిషి. నేను విశాఖ వచ్చినప్పుడు అత్త ఒక మాట అంది: "ఏదేటైనా ఆ దేశం పిల్లని మాత్రం మనింటికి తేకండి" అని. అది నాలో ముల్లులా ఉండిపోయింది. అత్తకి ఎలా చెబుతావో చెప్పు. ఆవిడ ఒప్పుకుంటేనే వాళ్ళని మీ గడప తొక్కమంటాను. లేకపోతే గుంపుతో వెనక్కి రావాలి. వస్తే ఎన్నాళ్ళు భిక్షువుగా దాచగలను? ఈమధ్య మఠాల్లోనూ జాబితాలు అడుగుతున్నారు.

నాన్న కులాసా. అక్క చేతి చింతచిగురు గుర్తొస్తోందట.

నీ జవాబు కోసం ఊపిరి బిగబట్టుకుని,
నీ మరదలు


ఉక్కునగరం
4 జనవరి 2025

పైడీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నీ ఉత్తరం నిన్న చేరింది. అప్పలసూరి గుమ్మంలోనే నిలబడి జేబులోంచి తీశాడు. దూరం నుంచే కవరు అంచుల నలుపు చూసి అమ్మ "ఆగు. లోపలికి తేకు" అంది. తనే మెట్లు దిగి, ఆ కవరు అందుకుని, అక్కడికక్కడే నాలుగు ముక్కలు చేసి పారేసింది. చదవడానికి ఏముంది, చూడగానే తెలిసిపోయింది కదా. వెంటనే వెనక కుళాయి కింద కూర్చుని తలమీద నీళ్ళు పోసుకుంది. నాకూ పోసింది. ముక్కలు నీళ్ళలో కొట్టుకుపోయాయి.

మీవాడికి గుండు చేయించారని సూరి చెప్పాడు. "రేవులో టీ కొట్టు కాడ ఉత్తరం ఇచ్చింది పిన్నీ. కుర్రోడేడీ అంటే, గుండు సేయించీసినాం అని ఏడ్సింది. అటూ ఇటూ మనుసులున్నారు, మరేటీ అడగలేదు నాను" అన్నాడు. అది విన్నాక ఇక అనుమానం ఏముంది.

నువ్వు వద్దన్న మాట కాబట్టి ఆ సంగతి పేరు పెట్టి రాయను. జరిగిపోయింది. ఎవరేం చేయగలం? గుండె దిటవు చేసుకో.

ఒక్క విషయం మాత్రం అమ్మ గట్టిగా రాయమంది. ఏడాది తిరిగేదాకా ఆ కుర్రాడి పెళ్ళి మాట ఎత్తకూడదట. ఈలోగా శుభకార్యాలూ వద్దు, ప్రయాణాలూ వద్దు. "నా మాట కాదని సెయ్యొద్దని రాసీ" అంది. ఆవిడ మాట కాదనలేను. 

నిన్ను దగ్గరకి తీసుకుని ఏడవాలని ఉంది.

గంగ


రంగూన్
27 జనవరి 2025

గంగాభవాని గారికి,

మీ గడప దాకా వచ్చి ముక్కలైన ఉత్తరం రాసినదాన్ని, పైడితల్లిని. పేర్లు రాయకూడదన్నదాన్ని నేనే, ఈ రోజు నేనే రాస్తున్నాను. ఎవరు చదువుకుంటే వాళ్ళు చదువుకోనీ.

మా టీచరమ్మ, హేమశ్రీ, తల్లి బర్మా మనిషి. నా కొడుకు ప్రాణం కాపాడుకోవడానికి గుండు చేయించుకుని, బౌద్ధుల బట్ట కట్టాడు. ఈ రెండు సంగతులకేనా మీ అమ్మగారు నా ఉత్తరాన్ని ముట్టుకుని తలస్నానం చేసింది? అంత మైల పడిపోయారా? పైగా "నిన్ను దగ్గరకి తీసుకుని ఏడవాలని ఉంది" అట! ఆ ఏడుపు నాకెందుకు? నాకు కావలసింది వెనక గదిలో ఒక మంచం. అది నువ్వే ఇస్తానన్నావు.

నలుపు, నలుపు అని రాశావు. ఇంజను గదిలో పనిచేసే మనిషి జేబులో వచ్చిన కాగితానికి ఓడ నూనె అంటక, పన్నీరు వాసన వస్తుందా? మీ ఉత్తరాలూ అలాగే జిడ్డోడుతూ వచ్చాయి. నేనెప్పుడైనా చింపానా? గుడ్డతో తుడిచి, దిండు కింద పెట్టుకున్నాను. చింపాలనుకున్న వాళ్ళకి మరక ఒక సాకు.

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. తప్పు చేశాను. రెండు రోజులు అన్నం ముట్టలేదు ఆయన. మూడో రోజు నన్ను పిలిచి, "నిజంగానే సింపీసిందా మా అక్క?" అని అడిగారు. అవునన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నారు.

మీరు సుఖంగా ఉండండి. మావాడికీ హేమశ్రీకీ చెప్పేశాను. గయలో బర్మా సత్రంలో ఇద్దరూ గుంపుతో దిగి, గుంపుతోనే ఫిబ్రవరి పద్నాలుగున వెనక్కి వచ్చేయమన్నాను. మీ ఊరి వైపు చూడొద్దన్నాను. వాడు నా మాట జవదాటడు. ఫోను కూడా ఇంట్లోనే వదిలి వెళ్తున్నాడు కాబట్టి మీకు ఏ ఇబ్బందీ ఉండదు. తిరిగొచ్చాక వాడికి ఏం రాసిపెట్టి ఉంటే అది జరుగుతుంది. నేనూ తాతా ఎదురు చూస్తాం.

ఇదే ఆఖరి ఉత్తరం.

పైడితల్లి


ఉక్కునగరం
8 ఫిబ్రవరి 2025

ఒసేయ్ పైడీ! మావయ్య బతికే ఉన్నాడా!

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే క్షమించు. సూరి ఓడ ఈ రోజే వచ్చింది. పదో తారీఖున మళ్ళీ బయలుదేరుతుంది, అందుకని ఈ కాస్తా రాసి వాడికిచ్చి, రైలు ఎక్కుతున్నాం.

మీ దేశంలో లేదేమో, ఇక్కడ చావు కబురు ఉత్తరానికి అంచులకి నలుపు పూసి పంపుతారు. అది గడప లోపలికి తేకూడదు. చింపేసి తలస్నానం చేయాలి. ఇప్పుడు ఎవరూ అలా రాయరు, అన్నీ ఫోన్లే. కానీ అమ్మకి పాతరోజులు కదా. నీ కవరు అంచులన్నీ సూరి జేబులో నూనె పీల్చుకుని నల్లగా నిగనిగలాడుతున్నాయి. మీవాడికి గుండు అని కూడా వాడే చెప్పాడు. మావయ్యకి కొడుకులు లేరు కాబట్టి మనవడే కర్త అయ్యాడనుకున్నాం. కర్మ చేసినవాడు ఏడాదిలోపు పెళ్ళి చేసుకోకూడదని అమ్మ అంది. నువ్వేమో చావుల మాట రాయొద్దన్నావని నేను తెలివిగా పేరు రాయకుండా ఊరుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! నీ ఉత్తరంలో ఒక్క అక్షరం మేము చదవలేదే పైడీ. హేమశ్రీ తల్లి ఎవరో ఈ రోజు దాకా మాకు తెలియదు.

నీ ఉత్తరం నేను గుమ్మంలోనే చదువుతున్నాను. "రెండు రోజులు అన్నం ముట్టలేదు ఆయన" దగ్గరికి వచ్చేసరికి అమ్మ "ఏటి? మళ్ళీ సదువు" అంది. మళ్ళీ చదివాను. మళ్ళీ చదవమంది. నాలుగోసారికి నేల మీద కూలబడి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోయింది. నెలరోజులుగా తమ్ముడి పేరు మీద రోజూ కాకికి ముద్ద పెట్టిన మనిషి! కాసేపటికి తేరుకుని నా మీద పడింది. "మరి తరవాతైనా తిన్నాడా నేదా? అది రాయనేదేటి?" అని.

హేమశ్రీ సంగతీ చెప్పాను. ఎప్పుడో తను అన్న మాట కూడా గుర్తు చేశాను. అమ్మ చీరకొంగుతో మొహం తుడుచుకుంది. "అన్నాను. బుద్ధి నేక అన్నాను. ఆ పిల్లని తేకుండా నువ్వు ఇంటికి రాకు" అంది.

ఈ రోజు ఎనిమిది. పద్నాలుగుకి ఆరు రోజులే ఉంది. మీ అన్నయ్య సెలవు పెట్టి వచ్చేశారు. హౌరా దాకా టిక్కెట్లున్నాయి, అక్కణ్ణుంచి కుంభమేళా జనంతో రైళ్ళు కిక్కిరిసి ఉన్నాయట. నిలబడైనా వెళ్తాం. వాడు నీ మాట జవదాటడని రాశావు. అదే నాకు భయంగా ఉంది.

ఈ ఉత్తరాన్ని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ఇస్తున్నాను.

పరుగు మీదున్న
నీ వదిన


ఉక్కునగరం
19 ఫిబ్రవరి 2025

నా బంగారు మరదలికి,

ముందు అసలు మాట. నీ కొడుకు మా వెనక గదిలో గురక పెట్టి నిద్రపోతున్నాడు. హేమశ్రీ అమ్మ పక్కన పడుకుంది. ఇక కూర్చుని నిదానంగా చదువుకో.

హౌరాలో రెండు రోజులు ఇరుక్కుపోయాం. రైలు తలుపు దగ్గరికి కూడా వెళ్ళలేకపోయాం. మూడో రైలుకి మీ అన్నయ్య నన్ను కిటికీలోంచి లోపలికి తోశారు. యాభై ఐదేళ్ళ ఆడదాన్ని, కాళ్ళు బయటా తల లోపలా! ఆయనేమో తలుపు దగ్గర ఒంటికాలి మీద వచ్చారు. పదమూడో తారీఖు మధ్యాహ్నానికి గయలో ఆ సత్రం గేటు పట్టుకున్నాం. లోపల మీ గుంపు అప్పటికే పెట్టెలు కట్టేస్తోంది.

అశోక్‌ని ఎలా పోల్చుకోవాలి చెప్పు? ఎక్కడ చూసినా గుండ్లే, అన్నీ ఒకే రంగు బట్టలే. నా ఫోనులో ఉన్న ఫొటోలో వాడికి నుదుటి మీద పడే జుట్టు. మీ అన్నయ్య ఇక ఆగలేక, ఆ పవిత్రమైన చోట, "ఒరేయ్ అశోకూ! ఎక్కడున్నావురా నాయనా!" అని కేకపెట్టారు. మెట్ల మీద ఒక గుండు తిరిగింది. అదే సమయంలో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక పిల్ల తల కూడా తిరిగింది. ఇద్దరినీ ఒకేసారి పోల్చుకున్నాను.

కానీ వాడు కదలడే! "అమ్మ వద్దంది అత్తా. రేపు వెళ్ళిపోతున్నాం" అన్నాడు, తల దించుకుని. వెళ్తే ఏమవుతుందో వాడికీ తెలుసు. తెలిసీ నీ మాట కోసం వెళ్ళడానికి సిద్ధపడ్డాడు. నేను నల్ల అంచు సంగతి, అమ్మ స్నానం సంగతి, కాకి ముద్దల సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. వాడు నమ్మాలా వద్దా అన్నట్టు చూస్తున్నాడు. హేమశ్రీ మాత్రం మధ్యలోనే నవ్వేసింది. "అంటే తాతగారికి అక్కడ మూడు రోజుల కర్మ కూడా అయిపోయిందా?" అని అడిగింది. అయిపోయిందన్నాను. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి వాడూ నవ్వాడు. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది పైడీ. నవ్వినవాడు వస్తాడనుకున్నాను.

గురువుగారు అంతా విని, వాడి చేత ఏవో మాటలు చెప్పించి, కాషాయం విప్పించారు. కట్టుకోవడానికి వాడికి బట్టలేవీ? మీ అన్నయ్య చొక్కా, లుంగీ ఇచ్చారు. ఆ చొక్కాలో ఇంకో అశోక్ పడతాడు. హేమశ్రీ వాళ్ళ పెద్దమ్మ ఆ పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టి, నాకు తెలియని భాషలో చాలాసేపు మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అన్నింటికీ సరేనన్నాను.

ఇక ఇంటి సంగతి. ఆటో మా క్వార్టరు ముందు ఆగేసరికి అమ్మ గేటు పట్టుకుని నిలబడి ఉంది. అశోక్ ముందు దిగాడు. వాడి మొహం రెండు చేతులా పట్టుకుని, "నా తమ్ముడి ముక్కే" అంది. హేమశ్రీ మాత్రం గేటు బయటే ఆగిపోయింది. చెప్పులు విప్పింది కానీ లోపలికి రాలేదు. అమ్మ ఆ పిల్లని కిందా మీదా చూసింది. నేను ఆటోకి డబ్బులివ్వడం కూడా మర్చిపోయాను.

అప్పుడు అమ్మ నోట్లోంచి బర్మా భాష వచ్చింది పైడీ. "తమిన్ సా పీబిలా?" అని. ఈ యాభై ఐదేళ్ళలో ఆ భాషలో ఒక్క మాట ఆవిడ నోట నేను వినలేదు. ఏమన్నావని అడిగితే, "అన్నం తిన్నావా అన్నాను. మరేటంటారు ఇంటికొచ్చిన పిల్లని?" అని నన్నే కసిరింది. ఆ పిల్ల అమ్మ కాళ్ళ మీద పడి భోరుమంది. రైల్లో జనం తొక్కుతున్నా ఏడవని పిల్ల!

ఇరవై మూడో తారీఖు ఉదయం సింహాచలంలో పెళ్ళి. కాగితాల పని ఉంది, అది చిన్నదేం కాదు. వీసా నెల రోజులే. మీ అన్నయ్య రోజూ ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు, ఒక వకీలుని కూడా చూశారు. ఏమవుతుందో నేను పూర్తిగా చెప్పలేను. కానీ చీటీ తీసే డబ్బా ఇక్కడ లేదు. దానికే దేవుడికి దణ్ణం పెడుతున్నాను.

నిన్ను తిట్టాలని ఎన్నో మాటలు దాచుకున్నాను. "గంగాభవాని గారికి" అట! వాటిని నువ్వు వచ్చినప్పుడు వడ్డీతో సహా అప్పజెబుతాను.

పెళ్ళికొడుకు అత్త హోదాలో,
గంగాభవాని


రంగూన్
14 మార్చి 2025

వదినా,

పోయినసారి సూరిని రేవు గేటు దాటనివ్వలేదట, అందుకే మీ రెండు ఉత్తరాలూ ఒక్కసారే అందాయి. సూరి నాలుగు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి తెచ్చాడు. కత్తెర లేకపోతే ఇప్పటికీ విప్పుతూ ఉండేదాన్ని.

నేనన్న మాటలకి నా చెంపలు నేనే వాయించుకున్నాను. నువ్వూ వచ్చి వాయించు, కాదనను. నీ గుమ్మంలో నేను రాసిన కోపమంతా అత్త వింటుండగా చదివావని తల్చుకుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను. అత్త కాళ్ళకి నా దణ్ణాలు చెప్పు.

గుంపు తిరిగి వచ్చిన రోజు మావాడు అందులో లేడు. హేమశ్రీ పెద్దమ్మ మా మెట్లెక్కి వచ్చి, ఏమీ మాట్లాడకుండా నా చేతిలో వాడి కాషాయం పెట్టింది. ఆ కాసేపు నేను ఏమేం అనుకున్నానో రాయను. తరవాత ఆవిడ నవ్వి, ఇద్దరూ మీతో వచ్చేశారని చెప్పింది.

వారం క్రితం వార్డు ఆఫీసు వాళ్ళు వచ్చారు. వాడెక్కడ అన్నారు. గయలో ఇంకో గురువు దగ్గర ఉండిపోయాడన్నాం. జాబితాలో వాడి పేరు మీద గీత పెట్టి వెళ్ళిపోయారు. ఆ గీత చూసి నేను ఏడవాలి కదా వదినా. తలుపు వేసి, నాన్నా నేనూ ఒకరి చేతులొకరు పట్టుకుని నవ్వుకున్నాం.

నాన్నకి కర్మ సంగతి చదివి వినిపించాను. నవ్వి నవ్వి దగ్గు తెరొచ్చింది. "నాకు ఏటి వండి పెట్టిందట?" అని అడిగారు. ఆ తరవాత కాకి ముద్దల ముక్క మళ్ళీ చదివించుకున్నారు. చివరికి అన్నారు: "నా కోసం ఏడ్సిందంటే, మా అక్క నన్ను మర్సిపోనేదన్నమాట." అరవై ఏళ్ళుగా ఆయనకి ఆ అనుమానం ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. అత్తకి ఈ మాట చెవిలో చెప్పు.

పెళ్ళి ఫొటోలు సూరి చేతికివ్వు. కొడుకు పెళ్ళి చూడలేకపోయానన్న బాధ ఉంది, లేదనను. నాన్న నడవలేరు, ఆయన్ని వదిలి నేను రాలేను. మళ్ళీ ఎప్పుడు చూస్తానో తెలియదు.

కానీ ఇదివరకు రోజూ మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడితే లేచి కూర్చునేదాన్ని. నిన్న కూడా వినపడింది. పక్కకి తిరిగి పడుకున్నాను. వాడు ఇంట్లో లేడు కదా వదినా, నాకు నిద్ర పడుతోంది.

నీ పైడితల్లి